బండికి ముక్కెక్కడ?

మా వసారాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. మా ఆయన పోయినప్పటి నుంచి అది నాది. పలకరించడానికి వచ్చినవాళ్ళు నన్ను ఇల్లంతా వెతుక్కోకుండా ఉండాలని మా తోడికోడలు శివపార్వతి నన్ను అందులో కూర్చోబెట్టింది. కూర్చున్నాను. లేవమని తర్వాత ఎవరూ చెప్పలేదు. వేసవి అయింది, వానలు అయ్యాయి, పత్తి తీతలు అయ్యాయి, మిరప కోతకొచ్చింది. నేను మధ్యమధ్యలో లేచి వంట చేసి, మళ్ళీ వచ్చి కూర్చునేదాన్ని. కూరలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తినేవాళ్ళ మొహాలు చూసి తెలుసుకునేదాన్ని.

నేను ఏడవలేదని ఊళ్ళో ఒక మాట ఉంది. నిజమే, ఏడవలేదు. ఏడుపును ఆపుకోవడానికి నేను చేసిన ప్రయత్నం ఏమీ లేదు. అది రాలేదు, నేను పిలవలేదు. "చదువుకున్నది కదా, లోపలే దాచుకుంటుంది" అని ఒకావిడ నాకు వినపడేంత మెల్లగా అంది. నేను చదివిన బీయస్సీ కెమిస్ట్రీలో అలాంటి పాఠం లేదు. అయినా ఆవిడ నమ్మకాన్ని నేనెందుకు చెడగొట్టాలని ఊరుకున్నాను.

మా ఆయన నాగేంద్రబాబు పోయినేడు ఆఖరి మిరపకాయ గుంటూరు మిర్చి యార్డులో దింపి వచ్చి, బండి వాకిట్లో ఆపి, దిగకుండానే "మంచినీళ్ళివ్వు" అన్నాడు. నేను గ్లాసుతో వచ్చేసరికి స్టీరింగు మీద తల పెట్టుకుని ఉన్నాడు. డాక్టరు వచ్చాడు, గుండె అన్నాడు, వెళ్ళిపోయాడు. ఆ గ్లాసు ఏం చెయ్యాలో తెలియక నీళ్ళు నేనే తాగాను.

బండి అక్కడే ఉండిపోయింది. దాని గురించి కాస్త చెప్పాలి. మా మామగారు మిలిటరీ వాళ్ళ వేలంలో కొన్న పెట్రోలు బండి అది. ముందు జీపు మొహం, వెనక చెక్కలతో కట్టిన తొట్టి. ఊళ్ళో బండ్లన్నీ డీజిలుకి మారినా ఇది మారలేదు. కొత్త బండ్లలో ఇంజనుకి ఎంత పెట్రోలు పొయ్యాలో కంప్యూటరు లెక్కగడుతుందట. దీంట్లో కార్బొరేటరు అని ఒక చిన్న డబ్బా తనకు తోచినంత గాలిలో తనకు తోచినంత పెట్రోలు కలిపి పంపిస్తుంది. చేతి అందాజాతో ఉప్పేసే వంటలాంటిదన్నమాట. అందుకే నాకూ దానికీ పడింది. పెళ్ళయిన కొత్తలో పత్తి మోళ్ళు పీకేసిన చేలో ఆయన నాకు డ్రైవింగు నేర్పించింది దాని మీదే. లైసెన్సు కూడా తీయించాడు. "రేపు నాకేమన్నా అయితే కాయ నువ్వే తోలుకుపోవాలి" అనేవాడు. అది సరదాకి అన్నమాట. సరదాగానే నవ్వేదాన్ని.

ఈ ఏడు కాయ కల్లం మీద ఎండుతున్నప్పుడు మా మరిది ప్రేమ్‌చంద్ వచ్చాడు. మంచివాడు. అన్న పోయిన రోజు నుంచి కట్టెల దగ్గర్నించి పెద్దకర్మ భోజనాల దాకా అన్నీ తనే చూశాడు. కన్ను తడవకుండా చూశాడు, కానీ మగవాడు కాబట్టి ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

"వదినా, బండి రిజిస్ట్రేషన్ గడువు ఈ నెలాఖరుతో సరి. పొడిగించాలంటే ముందు పొగ పరీక్ష పాసవ్వాలి. ఇది పాసయ్యే మొహమేనా చెప్పు? నరసరావుపేటలో పాత ఇనుము కొనే ఆయనతో మాట్లాడా. వచ్చి లాక్కుపోతానన్నాడు."

"పాసైతే?"

"పాసైతే ఏంటి?"

"పాసైతే కాయ నేనే తోలుకుపోతా. పొలం కూడా నేనే చూసుకుంటా."

నన్ను నేనే వింతగా చూసుకున్నాను. ఇన్ని నెలల్లో 'ఇక ఏం చేస్తావమ్మా' అని అడిగినవాళ్ళు బోలెడుమంది. ఒక్కరికీ జవాబు చెప్పలేదు. ఇప్పుడు అడగని మాటకి చెప్పాను.

ప్రేమ్‌చంద్ నవ్వాడు. "సరే. పాసైతే నేనే దాని ముందు కొబ్బరికాయ కొడతా. కాకపోతే మాత్రం బండి ఇనుముకి, పొలం నా చేతికి. నీకెందుకొదినా ఈ తిరుగుడు? హాయిగా కూర్చో."

కుర్చీ వంక చూశాను. భయం వేసిందనలేను, ఆ రోజుల్లో నాకు భయం కూడా సరిగ్గా వేసేది కాదు. నాలుగు కాళ్ళూ గట్టిగా ఉన్నాయి. ఎక్కడా పగులు లేదు. ఇంకో ఇరవై ఏళ్ళు ఖాయంగా వస్తుంది.

మర్నాడే సత్తెనపల్లి నుంచి మెకానిక్ అయూబ్‌ని పిలిపించాను. ఆ బండికి ముప్పై ఏళ్ళుగా ఆయనే వైద్యుడు. బ్యాటరీ మార్చాడు, ప్లగ్గులు తుడిచాడు, ట్యాంకులో పాత పెట్రోలు దింపి కొత్తది పోశాడు. బండి దగ్గి, తుమ్మి, చివరికి లేచింది. వెనక గొట్టంలోంచి నల్లటి పొగ వచ్చి దండెం మీద శివపార్వతి ఆరేసిన తెల్ల చీర మీద వాలింది.

"అక్కా, నా చీర!"

"పరీక్ష ఇక్కడే పెట్టేస్తున్నట్టున్నారు" అన్నాను.

మేం ముగ్గురం పిడుగురాళ్ల రోడ్డులో పెట్రోలు బంకు పక్కనున్న పొగ పరీక్ష దగ్గరికి వెళ్ళాం. బండి నేను నడిపాను, పక్కన అయూబ్, వెనక మోటారుసైకిలు మీద ప్రేమ్‌చంద్. నిలబెట్టిన వ్యానులో ఒక బల్ల, కంప్యూటరు, టేబుల్ ఫ్యాను, వాటి మధ్య మరియదాసు అనే సన్నపాటి మనిషి. ముందు రెండు సున్నం లారీలు ఉన్నాయి. డ్రైవర్లు మొహాలకి పౌడరు రాసుకున్నట్టు తెల్లగా దిగి మా బండి చుట్టూ తిరిగారు.

"ఏ సంవత్సరం బండమ్మా ఇది?" మరియదాసు అడిగాడు.

"మా అత్తగారి కంటే చిన్నది."

"కంప్యూటర్లో ఈ మోడలే చూపించట్లేదు. ఇతరములు కింద వేసుకుంటున్నా."

ఒక సన్న గొట్టాన్ని బండి సైలెన్సరులోకి దూర్చాడు. లోపల మిషను మీద అంకెలు ఎక్కడం మొదలుపెట్టాయి. ఎక్కుతూనే ఉన్నాయి. మరియదాసు మిషను మీద ఒకసారి అరచేత్తో కొట్టి చూశాడు. అంకె మారలేదు.

"కార్బన్ మోనాక్సైడ్ మూడు లోపు ఉండాలమ్మా. మీది ఏడు దాటింది. నా మిషనుకి ఇంత పని ఎప్పుడూ పడలా."

"చెప్పానా వదినా" అన్నాడు ప్రేమ్‌చంద్. గెలిచినట్టు కాదు, జాలిగా. అది ఇంకా కష్టం.

"ఆగండి ప్రేమ్ బాబూ, ఒక్క తిప్పు తిప్పనివ్వండి" అని అయూబ్ బానెట్టు ఎత్తి స్క్రూడ్రైవరుతో లోపలికి వంగాడు. పెట్రోలు తగ్గించే స్క్రూ అట. తిప్పాడు, విన్నాడు, మళ్ళీ తిప్పాడు. ఈసారి ఐదు మీద నిలబడింది. ఇంకొంచెం బిగించాడు. బండి ఒకసారి ఒళ్ళంతా ఊపుకుని ఆగిపోయింది.

"ఇదేనమ్మా గొడవ. వదిలితే పొగ. బిగిస్తే ప్రాణం పోతోంది. మధ్యలో ఎక్కడా నిలబడట్లా. కార్బొరేటరు అరిగిపోయింది, అంతే. దీనికి సామాను ఇప్పుడు ఎక్కడా దొరకదు."

ప్రేమ్‌చంద్ ఫోను తీసి పక్కకి నడిచాడు. నరసరావుపేటకే అయ్యుంటుంది. అతను అటు తిరగ్గానే మరియదాసు నా వైపు వంగి గొంతు తగ్గించాడు.

"ఫోటో మీ బండిది తీస్తానమ్మా. గొట్టం అదిగో, బంకులో ఆగిన ఆ కొత్త కారుకి పెడతా. ఎవరికీ నష్టం లేదు."

నేను ఒప్పుకునేదాన్నే. గొప్పలు చెప్పుకోను. కానీ ప్రేమ్‌చంద్ ఫోను చెవిన పెట్టుకుని వెనక్కి తిరిగి మా వంకే చూస్తున్నాడు.

"వద్దులే బాబూ, ఆ కారు పాపం కొత్తది" అన్నాను.

ఇక చెయ్యడానికి ఏమీ లేదు. చెయ్యడానికి ఏమీ లేనప్పుడు నేను మామూలుగా కూర్చుంటాను. అక్కడ కుర్చీ లేదు. అందుకని బండి చుట్టూ నడిచాను. వెనక గొట్టం అంచు మీద వేలు పెట్టి తీస్తే వేలికి మెత్తటి మసి అంటింది. కాటుకలా నున్నగా ఉంది. ఆ మసి నాకు బాగా తెలుసు. గ్యాసు పొయ్యి బర్నరు రంధ్రాల్లో పప్పు పొంగి పడి గాలి మూసుకుపోతే నీలంగా ఉండాల్సిన మంట పసుపు రంగుకి తిరుగుతుంది. అప్పుడు గిన్నె అడుగున పట్టేది సరిగ్గా ఈ మసే. నేను గ్యాసు తగ్గించుకుంటూ కూర్చోను. తగ్గిస్తే మంట ఆరిపోతుంది. పిన్నీసు పెట్టి రంధ్రాలు పొడుస్తాను.

కెమిస్ట్రీలో కూడా ఒక పేజీ ఉండేది, గాలి చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుందని. దాని మీద పరీక్షలో ప్రశ్న రాలేదు. ఇప్పుడొచ్చింది.

"అయూబ్ భాయ్, దీనికి ముక్కెక్కడ?"

"ముక్కేంటమ్మా?"

"గాలి ఎక్కడ్నించి పీలుస్తుంది?"

"ఇదిగో, ఈ ఎయిర్ క్లీనరు డబ్బాలోంచి. అందులో ఫిల్టరు పోయినేడు నేనే కొత్తది వేశా. అది వేశాక బండి ఎంత తిరిగిందని?"

"మూత తియ్యి, చూద్దాం."

"కొత్తదేనమ్మా అది."

"మా ఇంట్లో పొయ్యి కూడా కొత్తదే. వారానికోసారి విప్పుతా."

పెద్దామెతో వాదన ఎందుకనుకున్నాడో, నా వయసు ఆయన కంటే తక్కువే అయినా, అయూబ్ క్లిప్పులు ఊడదీసి మూత ఎత్తాడు. అక్కడే వంగి ఉండిపోయాడు.

"యా అల్లా" అన్నాడు.

లోపల ఫిల్టరు కనపడలేదు. దాని చుట్టూ రెండు చుట్లు తిప్పి బిగించి కట్టిన ఆకుపచ్చ గళ్ళ తువ్వాలు కనపడింది. ఆకుపచ్చ అని నాకు తెలుసు కాబట్టి అంటున్నాను. చూడ్డానికి ఎర్రగా, అట్టలా బిగుసుకుపోయి ఉంది.

మిర్చి యార్డులోకి వెళ్ళిన మనిషెవరైనా ముందు చేసే పని ముక్కుకి తువ్వాలు కట్టుకోవడం. బస్తాలు మోసేవాళ్ళూ, కొనేవాళ్ళూ, అమ్మేవాళ్ళూ అందరూ దొంగల ముఠాలా ఉంటారు. కట్టుకోకపోతే మాట బయటికి రాదు, దగ్గే వస్తుంది. మా ఆయన తనకి ఒకటి కట్టుకుని, బండికి ఒకటి కట్టాడు. ముడి కూడా తను కట్టుకున్నట్టే ఎడమ పక్కకి వేశాడు, చెవి వెనక్కి వచ్చేలా. బండికి చెవి లేకపోయినా.

పెద్దకర్మ రోజు దానం ఇవ్వడానికి ఆయన బట్టలు తీసినప్పుడు ఆ తువ్వాళ్ళ జతలో ఒకటి కనపడలేదు, జత లేనిది దానం ఏమిస్తామని రెండోది ఇంట్లోనే ఉంచేశాను. యార్డులో పారేసుకుని ఉంటాడని శివపార్వతీ నేనూ అనుకున్నాం. ఇంటికి రాగానే విప్పేవాడై ఉంటాడు. ప్రతిసారీ విప్పేవాడే అయ్యుంటాడు, లేకపోతే బండి ఇన్నాళ్ళు నడిచేది కాదు. ఆ రోజు ముందు మంచినీళ్ళు అడిగాడు.

ఇదంతా నేను ఆలోచిస్తూ ఉండగానే అయూబ్ ఒక పొరపాటు చేశాడు. ముడి విప్పి, తువ్వాలు బయటికి లాగి, ఏ బట్టనైనా దులిపినట్టే దాన్ని గట్టిగా రెండుసార్లు దులిపాడు. సరిగ్గా టేబుల్ ఫ్యాను ముందు.

మరియదాసు కంప్యూటరు మీద పడి తుమ్మాడు. అయూబ్ రెండు మోచేతుల్తో కళ్ళు మూసుకుని గుండ్రంగా తిరిగాడు. సున్నం లారీ డ్రైవర్ల తెల్లటి మొహాల మీద కన్నీళ్ళు చారలు కట్టాయి. పెట్రోలు బంకులో కుర్రాడెవరో దూరం నుంచే "ఏందిరా అది!" అని అరిచి దగ్గాడు. నా కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. పాతికేళ్ళు కల్లాల మీద కాయ ఏరిన కళ్ళు, వాటికి అది గాలి కిందే లెక్క. పెద్దకర్మ రోజు కూడా ఆయన కోసం ఇంతమంది ఒకేసారి ఏడవలేదు. ఆయన ఉంటే బాగా నవ్వేవాడు.

బంకులోంచి బిందెతో నీళ్ళు తెచ్చి అందరి చేతుల్లో పోశాను. ఒక్కొక్కరే మొహం కడుక్కుని, తిట్టుకుంటూ మామూలయ్యారు. ప్రేమ్‌చంద్ ఒక్కడు కాలేదు. సున్నం లారీ చక్రం చాటున గొంతుక్కూర్చుని ఉన్నాడు. తువ్వాలు ఎప్పుడు తీసుకున్నాడో, ఒళ్ళో ఉంది. మిగతావాళ్ళకి తగ్గిపోయాక కూడా అతని భుజాలు ఎగురుతూనే ఉన్నాయి. నేను వెళ్ళి నీళ్ళ బిందె పక్కన పెట్టి నిలబడ్డాను. ఏదైనా అనాలి. అనాల్సినవి ఇన్ని నెలల్లో అందరూ నాతోనే అన్నారు, ఒక్కటీ పనికొచ్చేది గుర్తులేదు.

చాలాసేపటికి అతనే తల ఎత్తాడు.

"కాయ ఘాటు వదినా."

"అవును ప్రేమ్. ఈ ఏడు ఘాటెక్కువే."

"ఇది పోయినేడు కాయ వదినా."

"అయితే పోయినేడు ఘాటు."

మొహం కడుక్కున్నాడు. తువ్వాలు మడత పెట్టబోతే అది మడత పడలేదు. అలాగే నా చేతికిచ్చాడు.

అయూబ్ ఫిల్టరు తట్టి, మూత బిగించి, ఇందాక బిగించిన స్క్రూని కొంచెం వెనక్కి తిప్పాడు. బండి స్టార్టు చేశాను. చప్పుడే మారిపోయింది. జలుబు తగ్గిన మనిషి మాట్లాడినట్టుంది. మరియదాసు ఎర్రటి కళ్ళతో గొట్టం పెట్టాడు. అంకె రెండు దాటింది. రెండున్నర దగ్గర అటూ ఇటూ ఊగింది. ప్రేమ్‌చంద్ నా భుజం మీంచి వంగి దాన్ని చూస్తున్నాడు. అతను ఏం కోరుకుంటున్నాడో ఆ క్షణంలో నాకు తెలియలేదు. అతనికి కూడా తెలియదనుకుంటాను. అంకె అక్కడే ఆగింది.

"పాసు" అని మరియదాసు మళ్ళీ తుమ్మాడు.

కాగితం ప్రింటు తీసి, ముక్కు చీదుకుంటూ రెండు చేతుల్తో ఇచ్చాడు. దారిన పోయేవాళ్ళెవరైనా చూస్తే అమ్మాయిని అత్తారింటికి పంపిస్తున్నాడనుకునేవారు.

నాకు సంతోషం వేసిందా అంటే, చెప్పలేను. కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకున్నాను. ఇంటికొచ్చే దారిలో ప్రేమ్‌చంద్ మమ్మల్ని దాటి ముందుకి వెళ్ళిపోయాడు. ఊరి మొదట్లో కొట్టు దగ్గర ఎదురుచూస్తూ నిలబడ్డాడు, చేతిలో కొబ్బరికాయ. చెయ్యి అడ్డంపెట్టి బండి ఆపించి, ముందు చక్రం దగ్గర కొట్టాడు. ఒక చెక్క అయూబ్‌కి, ఒక చెక్క నాకు ఇచ్చి, "టిక్కీలు ఎత్తడానికి మనుషుల్ని పంపిస్తాలే" అన్నాడు. టిక్కీ అంటే మా వైపు మిరపకాయ బస్తా. నరసరావుపేట మాట మళ్ళీ ఎత్తలేదు.

కాయ ఎండాక తొట్టినిండా టిక్కీలు కట్టారు. బయల్దేరే ముందు నేను వసారాలోంచి కుర్చీ తెచ్చి బండి ముందు వేసి, దాని మీద ఎక్కి బానెట్టు ఎత్తాను. నా ఎత్తుకి ఎయిర్ క్లీనరు డబ్బా అందదు.

"కుర్చీ మీద ఆ మట్టి కాళ్ళేంటక్కా? ఎవరన్నా వస్తే ఎక్కడ కూర్చుంటావు?" శివపార్వతి అరిచింది.

"నిలబడతాలే."

తువ్వాలు ఉతికాను కానీ ఎరుపు పూర్తిగా పోలేదు. డబ్బాలో ఫిల్టరుకి రెండు చుట్లు చుట్టాను. ముడి ఎడమ పక్కకి వేయడం మొదటిసారికి కుదరలేదు, విప్పి మళ్ళీ వేశాను. రెండో తువ్వాలు నేను కట్టుకున్నాను.

యార్డులో ఎవరూ నన్ను పలకరించలేదు. ముక్కుకి గుడ్డ కట్టుకున్నాక అందరూ ఒకేలా ఉంటారు. ఒక హమాలీ నన్ను "జరగన్నా" అన్నాడు. జరిగాను. కాయ దింపారు, చీటీ ఇచ్చారు, తిరిగొచ్చాను. దారిపొడుగునా బండి కొంచెం నల్లగానే పొగ వదిలింది. ఎవరూ గొట్టం పెట్టి చూడలేదు.

వాకిట్లో బండి ఆపేసరికి పొద్దు వాలుతోంది. గొంతు ఎండిపోయి ఉంది. శివపార్వతి వసారాలోంచి మంచినీళ్ళు తెమ్మంటావా అని అడిగింది. ఆగమన్నాను. కుర్చీ ఇంకా అక్కడే, పొద్దున వదిలిన చోటే ఉంది. ఎక్కాను. బానెట్టు వేడిగా ఉంది. క్లిప్పులు ఊడదీసి, మూత ఎత్తి, బండి తువ్వాలు విప్పాను. దిగి నాది విప్పాను. రెండూ దులపకుండా దండెం మీద వేశాను.

తర్వాత లోపలికి వెళ్ళి మంచినీళ్ళు తాగాను.